ఎస్తేరమ్మ గారికి నేను చదివిన ఉత్తరాలు

స్కాట్లాండు ఎక్కడుందో మా ఊళ్ళో అందరికంటే ముందు తెలుసుకున్నది నేనేనని చాలాకాలం గొప్పగా చెప్పుకునేదాన్ని. బడి నాకు ఎనిమిదో తరగతితో సరి. ఆ తరవాతి చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. అక్కడున్న మూడు బీరువాల పుస్తకాలూ పెళ్ళయ్యేలోపు చదివేశాను, వ్యవసాయశాఖ వాళ్ళ ఎరువుల పుస్తకాలతో సహా. అట్ట ఊడిపోతే పురికొసతో కట్టిన అట్లాసు ఒకటి నెలల తరబడి మా ఇంట్లోనే ఉండేది. ఇంగ్లండు నెత్తిన తలపాగా చుట్టినట్టుండే ఆ దేశాన్నీ, దాని పక్కన చెదిరిపడ్డ దీవుల్నీ వేలితో తడుముతూ, ఇవీ మన గోదారి లంకల్లాంటివే కాబోలు, వరదొస్తే వీళ్ళూ పశువుల్ని గట్టుకి తోలుకుంటారు కాబోలు అనుకునేదాన్ని. ఇన్నేళ్ళ తరవాత ఆ దేశం మా గుమ్మంలోకి వచ్చి నిలబడితే కూర్చోమనడం కూడా మర్చిపోయాను.

మొన్న డిసెంబరు మొదట్లో ఒక పొద్దున, మా ఊరి చర్చి పాస్టరు గారి భార్య సునీత ఒక తెల్లావిణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. అరవై ఏళ్ళుంటాయేమో. ఎండకి ముక్కు కందిపోయి ఉంది. "లైబ్రరీ మామ్మగారండీ, ఈవిడ న్యూజీలాండ్ నించి వచ్చారండి. పూర్వం లాకుల దగ్గర ఎస్తేరమ్మ గారని ఉండేవారంట కదండీ. ఆవిడ సంగతి చెబితే మీరే చెప్పాలని మా సంఘంలో పెద్దాళ్ళందరూ అన్నారండి" అంది సునీత. ఆ పేరు ఇంకొకరి నోట విని యాభై ఏళ్ళు దాటింది. తెలుసు అన్నాను.

ఆవిడ పేరు ఐలీన్. నాకు అర్థమవాలని నెమ్మదిగా మాట్లాడింది. వాళ్ళ ముత్తాత స్కాట్లాండులో ఒక రేవుపట్నం మనిషి, ఆవిరి ఇంజన్ల మేస్త్రీ. మన కాలవల్లో ఆవిరి పడవలు తిరిగే రోజుల్లో వాటి ఇంజన్లూ లాకుల తలుపులూ బాగుచెయ్యడానికి వచ్చి, కొన్నేళ్ళు ఇక్కడే ఉండి, తిరిగి వెళ్ళిపోయాడు. అతని సంతానం స్కాట్లాండు, కెనడా, న్యూజీలాండులకి చెదిరిపోయింది. ఉద్యోగం నించి రిటైరయ్యాక ఐలీన్ ఆ వంశవృక్షాన్ని పుస్తకంగా వెయ్యాలని పెట్టుకుంది. చర్చి రిజిస్టర్లు, ఓడల్లో ఎక్కినవాళ్ళ జాబితాలు, సమాధి రాళ్ళ ఫోటోలు, అన్నీ కూడబెట్టింది. అన్ని కొమ్మలూ దొరికాయిట. గోదావరి కొమ్మ ఒక్కటీ మిగిలింది. అలా చెబుతూనే సంచీలోంచి ప్లాస్టిక్ ఫైలు తీసి నా ముందు పెట్టింది. అందులో మూడు ఉత్తరాలు. అచ్చక్షరాల్లాగా విడివిడిగా, గీత గీసినట్టు తిన్నగా, కింద ఎస్తేరు అన్న సంతకంతో. "ఇవి మా పెద్దమ్మమ్మ స్వహస్తంతో రాసినవి" అంది, కాగితం అంచుని వేలితో నిమురుతూ. ఆ రాత నాది. సంతకం కూడా నాదే.

ఆ రోజుల్లో ఇల్లూ కొట్టూ ఒకటే మాకు. ముందు నాన్న కిరాణా కొట్టు, వెనక మేము. బెల్లం దిమ్మల వాసన, చింతపండు పులుపు, తడిసిన గోనెసంచుల ముక్క కంపు, వీటన్నిటి మీదా కిరసనాయిలు. పట్టుచీరె కట్టుకుని పెళ్ళికి వెళ్ళినా మా వెంట ఆ వాసన వచ్చేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న బియ్యం బస్తాల మీద తుండుగుడ్డ పరుచుకుని ఒక కునుకు తీసేవారు. అమ్మ చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరేది. నానమ్మ గడపమీద కూర్చుని నస్యం పీలుస్తూ వీధిని కాపలా కాసేది. లైబ్రేరియన్ గారు సరుకులకి వచ్చినప్పుడు సంచిలో రెండు పుస్తకాలు పెట్టుకొచ్చి నాన్న చేతిలో పెట్టేవారు. నాన్న వాటిని తవుడు బస్తా అందించినట్టు మాట్లాడకుండా లోపలికి అందించేవారు. నానమ్మ ఊరుకునేది కాదు. "పప్పులో ఉప్పెయ్యడం మర్చిపోయి పుస్తకంలో పడిందిరా నీ కూతురు. రేపు కలెక్టరమ్మ అయితే మనకి వేరే వంటమనిషిని పెడుతుందిలే" అనేది. నేను పట్టించుకోనట్టే ఉండేదాన్ని. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకం ఒకటి మొదటి పేజీ నించి చివరిదాకా ఒక్కదాన్నే చదివిన రోజున మాత్రం, ఈ వీధిలో ఇంకెవరూ చెయ్యలేని పని చేశానని ఒంటరిగా పెరట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

లాకులంటే కాలవలో ఎగువనించి దిగువకి పడవల్ని దించే తలుపులు. మా ఇంటికి నాలుగు అంగల దూరం. ఆ గట్టుమీద పెంకుటింట్లో ఎస్తేరమ్మ గారు ఒక్కరూ ఉండేవారు. పిల్లికళ్ళు, పొడుగుచేతుల తెల్ల జాకెట్టు, అంచులేని తెల్లచీర. డెబ్భై దాటినా కొక్కేనికి దారం తగిలించి లేసు అల్లుతుంటే ఆ వేళ్ళని చూడ్డానికే ఆడపిల్లలం వెళ్ళేవాళ్ళం. తండ్రి లాకుల దొర, తల్లి ఈ ఊరి క్రైస్తవుల పిల్ల. ఎస్తేరమ్మ గారికి అయిదేళ్ళప్పుడు దొర ఓడెక్కాడు. ఆర్నెల్లు తిరక్కుండా తల్లి కలరాతో పోయింది. మిషను వాళ్ళ బోర్డింగులో పెరిగి, అక్కడే లేసు నేర్చుకున్నారు. తెలుగు బైబిలు వేలు పెట్టుకుని చదివేవారు గాని ఇంగ్లీషు రాదు. "మా అమ్మ మొహం నాకు గుర్తులేదు రత్నం. గాజుల చప్పుడొక్కటే గుర్తు" అనేవారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. దారం కొనడానికి వచ్చినప్పుడు మా అరుగు చివర కూర్చునేవారు. ఆవిడకి టీ ఇచ్చే గాజుగ్లాసు వేరే ఉండేది మా ఇంట్లో, చూరులో దోపి. తాగాక ఆవిడే కడిగి మళ్ళీ చూరులో పెట్టేవారు. అది తప్పని నాకు ఒక పుస్తకం చదివాక తెలిసింది. తెలిశాక కూడా ఆ గ్లాసు అక్కడే ఉంది.

ఆ దొరకి అక్కడ పెళ్ళయి పిల్లలు పుట్టారు. అతను పోయాక కాగితాలు సర్దుతుంటే, జానెట్ అనే కూతురికి ఇక్కడ తనకో అక్కగారు ఉన్నట్టు తెలిసింది. మిషను వాళ్ళ ద్వారా వెతికి పట్టుకుని ఉత్తరం రాసింది. అప్పట్లో చర్చి అయ్యగారు చదివి పెట్టేవారు, జవాబూ తన పేరు మీదే రాసి పంపేవారు. ఆయన బదిలీ అయిపోయారు. అలా ఒక మధ్యాహ్నం ఎస్తేరమ్మ గారు నీలంరంగు విమానపు ఉత్తరం పట్టుకుని మా అరుగు మీదకి వచ్చారు. "కొత్త అయ్యగారికి తీరికలేదంటున్నారు. నువ్వు ఇంగ్లీషు చదువుతావంట కదమ్మా, కొట్లో అందరూ అంటున్నారు. కాస్త చదివిపెట్టు" అన్నారు. నాకప్పుడు పదహారేళ్ళు. చెయ్యి చాచి అందుకున్నాను. అమ్మ చేట పక్కన పెట్టి వచ్చింది. పక్కింటి వాళ్ళూ వచ్చారు. నాన్న బస్తాల మీంచి లేచి కూర్చున్నారు.

విప్పి చూశాను. నా పుస్తకాల్లో అక్షరాలు ఏరిన బియ్యంలాగా దేనికది విడిగా ఉండేవి. ఇది గొలుసుకట్టు రాత. ఉడికి అతుక్కుపోయిన సేమ్యాలా ఉంది. ఎక్కడ అక్షరం మొదలవుతోందో ఎక్కడ తెగుతోందో తెలియదు. పైన ఎస్తేరు అన్న పేరూ, మధ్యలో ఎక్కడో వాన అన్న మాటా మాత్రం పోల్చుకోగలిగాను. చేత్తో రాసిన ఇంగ్లీషు నేను అంతకుముందు చూడనే లేదు. రాదని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. గడపమీంచి నానమ్మ, "ఏం, రాదా?" అంది. అంతే, ఆ రెండు మాటలే.

"ప్రియమైన అక్కయ్యకి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టాను. మా ఇంటికొచ్చే కార్డులన్నీ అలాగే మొదలయ్యేవి మరి. "దొరసానులు కూడా మనలాగే రాసుకుంటారే" అని నానమ్మ ముక్కున వేలేసుకుంది. ఇంక నన్ను ఆపేవాళ్ళు లేరు. మోకాలి లోతు మంచు పడిందన్నాను. గొర్రెల్ని కొట్టాంలోకి తోలామన్నాను. కీళ్ళ నొప్పులన్నాను. ఏదో పుస్తకంలో చదివిన చలిదేశపు కొండపల్లె మొత్తం ఆ నీలం కాగితంలోంచి తీసి వాళ్ళ ముందు పరిచాను. ఎస్తేరమ్మ గారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "పాత అయ్యగారు రెండు ముక్కల్లో చెప్పేసేవారమ్మా. ఇన్ని సంగతులుంటాయని నాకేం తెలుసు" అన్నారు. నాన్న ఆ సాయంత్రం నాకోసం బజారునించి నిమ్మతొనల బిళ్ళలు తెచ్చారు. అవి తిన్నాను.

జవాబు రాయడం నాకు వచ్చు, అచ్చక్షరాల్లో. ఎస్తేరమ్మ గారు చెప్పింది చెప్పినట్టు రాశాను. చెల్లి కీళ్ళనొప్పులకి వాము నూనె రాసుకోమనీ, గొర్రెలన్నీ కుశలమా అనీ. చివర్న ఆవిడ అరుగు మీద దుమ్ముని వేలితో తుడుస్తూ, "మా నాన్న ఎప్పుడన్నా నా పేరెత్తేవాడా, అడుగు" అన్నారు. అదీ రాశాను. రెండు నెలలకి జవాబు వచ్చింది. రెండువైపులా నిండా రాత. తండ్రి అన్న మాట అందులో అయిదారుచోట్ల పోల్చాను. ఎస్తేరు అన్న మాట పక్కనే ఉంది. మిగతాది చీకటి. ఎస్తేరమ్మ గారు నా మొహంకేసి చూస్తున్నారు. ఆ చూపు ముందు ఏం చెప్పాలో నిఘంటువు అక్కర్లేకుండానే తెలిసింది. "రోజూ తలుచుకునేవారటండీ. భోజనం దగ్గర కూర్చుని మీ పేరు చెప్పి మొదటి ముద్ద తీసి పక్కన పెట్టేవారట" అన్నాను. దొరలు భోజనం దగ్గర ముద్ద తీసి పక్కన పెడతారా అని ఎవరికీ సందేహం రాలేదు. ఎస్తేరమ్మ గారు ఏడవలేదు. లేచి తిన్నగా ఇంటికి వెళ్ళిపోయారు. మర్నాటినించి ఆవిడ నడక మారిందని అమ్మ అంది.

మూడో ఉత్తరం పొట్టిది. అందులో ఒక మాట కింద రెండు గీతలు గట్టిగా కొట్టి ఉన్నాయి. కాగితం వెనక్కి తిప్పి తడిమితే గీతలు వేలికి తగులుతున్నాయి. అంత గట్టిగా ఏమడుగుతోందో నాకు తెలియలేదు. మంచు కరిగిందనీ గొర్రెలు ఈనాయనీ చెప్పి, మామూలుగా జవాబు రాసి పడేశాను. ఆ రెండు గీతలు మాత్రం నన్ను వదల్లేదు. ఎస్తేరమ్మ గారిని అడిగి ఆ ఉత్తరం ఉంచుకున్నాను. లైబ్రేరియన్ గారికి చూపించి నిజం చెప్పి చదివించుకుందామని. అట్లాసులో పెట్టి దాచాను. ఆయన సరుకులకి వచ్చారు. మళ్ళీ వచ్చారు. "ఏమ్మా, ఇంగ్లీషు ఎంతవరకొచ్చింది?" అని ఆప్యాయంగా అడిగారు. బాగా వస్తోందండీ అన్నాను, రెండుసార్లూ.

ఆ తరవాత వచ్చింది నల్ల అంచు కవరు. ఎస్తేరమ్మ గారి ఉత్తరాలు మా కొట్టు చిరునామాకే వచ్చేవి. ఇప్పటివాళ్ళకి తెలియదేమో, శుభలేఖకి నాలుగు మూలలా పసుపు ఎలాగో, చావుకబురుకి నలుపు అలాగ. అలాంటి ఉత్తరం గడప దాటి లోపలికి రాకూడదు. వీధిలో నిలబడి చదివి, అక్కడికక్కడ చింపేసి, నెత్తిన నీళ్ళు పోసుకుని ఇంట్లోకి రావాలి. ఆ దేశంలోనూ అదే గుర్తని కవరు చూడగానే అందరికీ అర్థమైపోయింది. పోస్టుమాను దాన్ని మునివేళ్ళతో అరుగుమీద పెట్టాడు. నానమ్మ లోపల్నించే, "ఎవరిదైతేనేం, లోపలికి తేకు. చదివి చింపి కాలవలో పారేసి రా" అంది. గట్టుమీదకి వెళ్ళి విప్పాను. ఇది వేరే చెయ్యి, కొంచెం నిటారు రాత. అమ్మ, పోయింది, చిరునామా. ఈ మూడు మాటలు స్పష్టంగా తెలిశాయి. ఓపిగ్గా కూర్చుంటే ఇంకో నాలుగు తెలిసేవి. ఎస్తేరమ్మ గారి ఇల్లు అక్కడికి కనిపిస్తూనే ఉంది. చింపేశాను. అట్లాసులోని ఉత్తరం కూడా తీసుకొచ్చి కలిపి చింపాను. నల్ల అంచుల ముక్కలు లాకుల తలుపుల దగ్గర కాసేపు తిరిగి కిందికి జారిపోయాయి. ఆచారం కాబట్టి చింపానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆ ముక్కలు నీళ్ళలో పడ్డాక నా గుండెల్లో బరువు దిగి హాయిగా ఊపిరి ఆడటం కూడా నాకు గుర్తుంది. ఇంక నన్ను ఎవరూ ఉత్తరం చదవమనరు.

ఆ సాయంత్రం ఎస్తేరమ్మ గారు వచ్చి ఉత్తరమేమైనా వచ్చిందా అని అడిగారు. లేదండీ అన్నాను. చెల్లెలు పోయిందని చెబితే ఉత్తరం ఏదీ అంటారు. అందుకని చెప్పలేదు. చెప్పి ఉంటే ఆవిడ చర్చిలో ప్రార్థన పెట్టించుకునేవారు. ఎవరో ఒకరి చేత వెనకటి ఉత్తరాలు మళ్ళీ చదివించుకునేవారు. ఆ రెండోదే నాకు భయం. ఆ తరవాత మూడు క్రిస్మసులు బతికారు. ప్రతి క్రిస్మసుకీ మాకు గులాబీ పువ్వులు వండి తెచ్చి, అరుగు మీద పెట్టి, పోస్టుమాను వచ్చేదాకా కూర్చుని వెళ్ళేవారు. "గొర్రెల పనిలో తీరికుండదు పాపం" అని తనే సర్దిచెప్పుకునేవారు. ఆవిడ పోతే, నేను చదివిన మొదటి రెండు ఉత్తరాలూ శవపెట్టెలోనే పెట్టి పూడ్చారని, అప్పటికి పెళ్ళయి తణుకులో కాపురముంటున్న నాకు అమ్మ రాసింది.

ఒక సంగతి ఇక్కడ రాయకపోతే మిగతాది రాసి లాభం లేదు. నల్ల కవరు చింపిన మరుసటి ఏడు లైబ్రేరియన్ గారి దగ్గర గొలుసుకట్టు రాత దిద్దే కాపీ పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకున్నాను. నలభై రోజులు పట్టింది నేర్చుకోవడానికి. నలభై రోజుల పని అది.

ఇప్పుడు ఐలీన్ ఆ ప్లాస్టిక్ ఫైలులోంచి మొదటి ఉత్తరం తీసి నవ్వుతూ చదివింది. గొర్రెలు కుశలమా. వాళ్ళ అమ్మమ్మ జానెట్ రేవుపట్నంలో, రొట్టెల కొట్టు పైన మూడో అంతస్తులో ఉండేదిట. జన్మలో గొర్రెని పెంచలేదు. గోదావరి అక్కగారి గొర్రెలని వాళ్ళింట్లో ఇప్పటికీ ఒక హాస్యం. తరవాత ఆవిడ నవ్వు ఆపి కాగితం తిప్పింది. జానెట్‌కి ఒక అలవాటుట. వచ్చిన ప్రతి ఉత్తరం వెనకా తను ఏం జవాబు రాసిందో పెన్సిలుతో ముక్క రాసుకునేది. గొలుసుకట్టు రాత. తడుముకోకుండా చదివేశాను. మొదటిదాని వెనక: నాన్న తన పేరెత్తేవాడా అని అడిగింది. నిజమే రాశాను, ఒక్కసారి కూడా ఎత్తలేదని. ఆవిడ తల్లి ఫోటో నాన్న దాచుకున్న సంగతి చెప్పి, పంపనా అని అడిగాను. చూస్తే బాధపడుతుందేమో, సరేనంటేనే పంపుతాను. రెండోదాని వెనక: ఫోటో మాట ఎత్తలేదు. గీత కొట్టి మళ్ళీ అడిగాను. మూడోదాని వెనక: ఇప్పుడూ లేదు. వద్దనే అనుకోవాలి. ఇంక ఒత్తిడి చెయ్యను.

ఐలీన్ సంచీలోంచి పలచని కాగితంలో చుట్టిన ఫోటో తీసింది. కుర్చీలో ఒక నల్లటి సన్నటి అమ్మాయి, ఇరవయ్యేళ్ళు కూడా ఉండవు. మోచేతుల దాకా గాజులు. ఒళ్ళో పిల్లి కళ్ళ పాప. ఆ అమ్మాయి నుదురూ, కొంచెం ఎత్తుగా ఉండే పైపెదవీ నాకు బాగా తెలుసు. మా అరుగు చివర డెబ్భై ఏళ్ళ వయసులో చూశాను. అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఆవిడ తల్లినే చూసుకున్నారన్నమాట. ఆ సంగతి చెప్పేవాళ్ళు లేరు. "అమ్మమ్మ పోయినప్పుడు మా అమ్మ కొత్త చిరునామా కూడా రాసింది. జవాబు రాలేదు. మా ఇంట్లో అందరూ అనేది ఒకటే. ఎస్తేరు మమ్మల్ని క్షమించలేదు, తల్లి ఫోటో కూడా మా చేతిమీదుగా వద్దనుకుంది అని. పుస్తకంలో అలాగే రాశాను. మీరు ఆవిణ్ణి ఎరుగుదురు కదా. సరిగ్గానే రాశానా?" అని అడిగింది ఐలీన్.

కాఫీ పెడతానని లేచి లోపలికి వచ్చేశాను. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. తణుకు నించి మళ్ళీ ఈ ఊరికే వచ్చి ఏళ్ళయింది. ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి, పిల్లలు, మనవలు, ఈ వీధిలో ఏ కాగితం అర్థంకాకపోయినా నా దగ్గరికే తెస్తారు. అవును, సరిగ్గానే రాశారు అని ఒక్కమాట అంటే ఆవిడ సాయంత్రం రాజమండ్రిలో విమానమెక్కేస్తుంది. ఆ పుస్తకం మా ఊరికి ఎలాగూ రాదు. వచ్చినా చదివేదాన్ని నేనొక్కదాన్నే. గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చేదాకా ఏమంటానో నాకు తెలియదు. కింద పెట్టకుండానే అనేశాను. "ఆవిడ వద్దనలేదండీ. ఆవిడకి తెలియదు. చదివింది నేను. నాకు చదవడం రాలేదు."

ఐలీన్‌కి ముందు అర్థం కాలేదు. నా ఇంగ్లీషులో ఏదో పొరపాటు దొర్లిందనుకుని సునీతకేసి చూసింది. సునీతకి మాత్రం వెంటనే అర్థమైంది. "అదేంటండీ మామ్మగారూ" అని ఆగిపోయింది. మొదటినించీ చెప్పాను. సేమ్యాలాంటి రాత, నానమ్మ మాట, గొర్రెలు, నల్లకవరు, కాలవ. నలభై రోజుల సంగతి కూడా. చెబుతున్నంతసేపూ ఐలీన్ ఆ మూడు ఉత్తరాలనీ చూస్తూ ఉండిపోయింది. ఆవిడ పెద్దమ్మమ్మ స్వహస్తం కాస్తా ఆవిడ కళ్ళముందే కిరాణాకొట్టు పిల్ల రాత అయిపోయింది. చివరికి ఒక్కటే అడిగింది. తండ్రి సంగతి ఎస్తేరుకి ఏమని చెప్పావు? చెప్పాను, భోజనం దగ్గర ముద్దతో సహా. ఆవిడ మొదటి ఉత్తరం తిప్పి, వెనకున్న పెన్సిలు రాత మళ్ళీ చూసింది. "ఒక్కసారి కూడా ఎత్తలేదని రాసినందుకు మా అమ్మమ్మ చచ్చిపోయేదాకా బాధపడింది. ఆ మాట రాయకుండా ఉండాల్సిందని" అంది. దానికి నేను ఊరటపడకూడదని నాకు తెలుసు. ఆవిడా నన్ను ఊరడించడానికి అనలేదు. "నాకు కోపంగా ఉంది. అప్పుడు నీకు పదహారేళ్ళని తెలుసు. అయినా కోపంగానే ఉంది" అంది. అలా అన్నందుకు నేను ఆవిడకి రుణపడి ఉన్నాను. పరవాలేదులెండి అంటే ఏం చేసేదాన్నో తెలియదు.

ఇద్దరూ లేచి చర్చి వెనకున్న సమాధుల దొడ్డికి వెళ్ళారు, ఫోటో తీసుకుని. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తాననలేదు. ఎస్తేరమ్మ గారి సమాధి మీద పేరు లేదు, ఇటికల దిబ్బ మాత్రం ఉంది. అది ఎక్కడుందో సునీతకి తెలుసు. గేటు దాకా వెళ్ళి ఐలీన్ ఒక్కతీ వెనక్కి వచ్చింది. పుస్తకంలో తను రాసింది కొట్టేస్తాననీ, దాని స్థానంలో నువ్వు జరిగింది జరిగినట్టు రాసి ఇవ్వాలనీ అడిగింది. ఇంగ్లీషులో రాసిస్తానన్నాను, ఇంకా ఆ గొప్ప పోలేదు నాకు. వద్దంది. "నీ ఇంగ్లీషు నా దగ్గర మూడు ఉత్తరాలుంది. నీ భాషలో రాయి. మా ఊళ్ళో తెలుగువాళ్ళున్నారు, ఎవరినో ఒకరిని పట్టుకుని చదివించుకుంటాను" అంది.

అందుకని ఇదంతా తెలుగులో రాశాను. నాలుగు వారాలైంది మొదలుపెట్టి. మా మనవరాలు చూసి, ఇంత శ్రమ ఎందుకు మామ్మా, ఫోను పైన పట్టుకుంటే ఏ భాషలో రాతైనా చదివేస్తుంది కదా అంది. నా దగ్గరున్న పాత గొలుసుకట్టు కాగితం ఒకటి పెట్టి చూపించింది కూడా. రెండు సెకన్లు పట్టింది. చదివింది చాలావరకు సరిగ్గానే చదివింది. తెలియనిచోట కూడా ఎక్కడా ఆగలేదు. ఏదో ఒక మాట పెట్టుకుని తడబడకుండా ముందుకి పోయింది. అది చూశాక ఐలీన్‌కి ఉత్తరం రాసి, మనిషి చేతే చదివించుకోమని చెప్పాను.

ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. ఏ ఊరి పిల్లో, ఏ చదువు చదివి అక్కడికి వెళ్ళిందో. అమ్మా, నా రాత అంత బాగుండదు. కొన్నిచోట్ల చెయ్యి వణికింది. మీరు చదువుతుంటే ఐలీన్ గారు మీ మొహంకేసే చూస్తూ ఉంటారు. అప్పుడు అర్థంకాని మాట వస్తే, అక్కడ ఆగి, ఇది నాకు తెలియడంలేదండీ అని చెప్పండి.